మోటారు దగ్గర మనిషి

అలియాబాద్‌లో ఎవరి మోటారు కాలిపోయినా ముందు వినిపించే పేరు అమీర్ అలీది. మోటారును విప్పి, మోసుకొచ్చి, బాగయ్యాక మళ్లీ తీసుకెళ్లి బిగించేది ఆయనే. కానీ కాలిన మోటారుకు ప్రాణం పోసేది మాత్రం ఆయన భార్య అన్వరీ బేగం. కరీంనగర్ రోడ్డు మీద, పంక్చర్ దుకాణం పక్కన ఉన్న రేకుల షెడ్డులో ఆమె పీట వేసుకుని కూర్చుంటుంది. ముందు చేత్తో తిప్పే చుట్ల మిషను, పక్కన రాగి తీగ ఉండలు, పసుపు రంగు కాగితం ముక్కలు, వార్నిష్ డబ్బా. మాడిన తీగనంతా పీకేసి, కొత్త తీగను లెక్క తప్పకుండా చుట్టి, గాడి గాడిలో పొదుగుతుంది. బోర్డు మీద మాత్రం "అమీర్ ఎలక్ట్రికల్స్" అని ఉంటుంది. బోర్డు రాయించిన రోజున ఆమె పేరు కూడా వేయిద్దామని ఆయన అన్నాడట. "పేరు నువ్వు పెట్టుకో, పని నేను జేస్త" అందట ఆమె. ఈ మాట ఆయన నవ్వుతూ ఊరందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకున్నంత మాత్రాన బోర్డు మారలేదు లెండి.

అన్వరీ బేగంకు ఇప్పుడు యాభై మూడేళ్లు. ఇరవై ఏళ్ల వయసులో ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. కొడుకులెవరూ ఒక చోట కుదురుగా కూర్చోవడం లేదని విసిగిపోయిన మామ, కోడలి చేతికి తీగ ఇచ్చి చుట్టడం నేర్పాడు. అంతకు ముందు తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆ చదువును ఆమె వృథా పోనివ్వలేదు. మందుల డబ్బాలోని కాగితం, కరెంటు బిల్లు వెనక ఉన్న చిన్న అక్షరాలు, పంచాయతీ గోడ మీది నోటీసు, ఏది కనిపించినా మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. అందుకే ఊళ్లో ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా షెడ్డుకే వస్తారు. ఆమె నోరు మంచిది కాదని అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లంతా ఇవాళ ఇచ్చిన మోటారు రేపటికే కావాలని ఆమెతో తగువు పెట్టుకున్నవాళ్లు.

రెండేళ్ల కిందట ఈ చుట్టుపక్కల పొలాల్లోకి ఫోన్‌తో నడిచే స్టార్టర్ డబ్బాలు వచ్చాయి. ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే చాలు, పొలంలో మోటారు నడుస్తుంది, ఆగుతుంది. మేడ్చల్ వైపు ఒక చిన్న కంపెనీ వాటిని తయారు చేస్తుంది. డబ్బా కొన్న ప్రతి రైతూ తన ఫోన్‌తో పాటు మెకానిక్ అని అమీర్ అలీ ఫోన్‌ను కూడా దానికి కలిపించుకున్నాడు. డబ్బా మంచిదే. తిప్పలు వచ్చిందల్లా ఫోన్‌లో, మూలకు ఉన్న చక్రం బొమ్మ లోపల. ఆ చక్రం నొక్కితే తెలుగులో వరసగా కొన్ని మాటలు వచ్చేవి. "శుష్క పరిచాలన నివారణ." "దశా అసమతౌల్య సూచిక." "స్వయంచాలక పునఃప్రారంభం: సక్రియం." ఎవరు రాశారో గానీ, ఆ మహానుభావుడు మోటారును చూసి ఉండడు, చూసినవాడితో మాట్లాడి ఉండడు.

రైతులు ఫోన్లు పట్టుకుని అన్వరీ బేగం దగ్గరికి వచ్చారు. ఆమె ఒక్కో మాట నొక్కి, మోటారు ఏం చేస్తుందో చూసి, అర్థం కనిపెట్టింది. శుష్క పరిచాలన అంటే నీళ్లు లేకుండా మోటారు ఉత్తగా తిరగడమట. ఆమె చిన్న చిన్న చిట్టీల మీద తన మాటల్లో రాసి డబ్బాల లోపల అంటించింది: "నీళ్లు అయిపోతే మోటర్ ఆగుతది. దీన్ని ముట్టొద్దు." అడిగిన మాటలన్నిటికీ చిట్టీలు రాసింది. ఆ మూడో మాట గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె దాన్ని చదివింది, నోరు తిరగక నవ్వుకుంది, వదిలేసింది.

పోయిన ఆగస్టులో ఒక రోజు గండయ్య మోటారు దగ్గర నీళ్లు కారుతున్నాయని అమీర్ అలీని పిలిచారు. గండయ్యది రెండెకరాల పొలం. పట్నానికి పాలకూర, కొత్తిమీర పంపుతాడు. అతని మోటారు బావి గట్టు మీద ఉంటుంది. ఇరుసు చుట్టూ కూరిన తాడు అరిగిపోయి నీళ్లు చిమ్ముతున్నాయి. గండయ్య ఫోన్‌లో ఎర్ర గుర్తు నొక్కి మోటారు ఆపాడు. ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకున్నాడు. అమీర్ అలీ కూర్చుని పాత తాడు పీకుతున్నాడు. ఇంతలో లైను పోయింది, మళ్లీ వచ్చింది. రావడంతోనే మోటారు దానంతట అదే తిరిగింది. పానా ఎగిరి కొత్తిమీర మడిలో పడింది. ఆయన కుడి చేతి రెండు వేళ్ల చర్మం లేచిపోయింది, ఒక గోరు ఊడింది. అదృష్టం బాగుండి అంతటితో పోయింది.

ఇంటికి వెళ్లి భార్యతో ఆటో తలుపులో వేళ్లు పడ్డాయని చెప్పాడు. మూడో రోజు గండయ్య భార్య శంకరమ్మ కొత్తిమీర కట్టలు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. "వదినె, అన్న చెయ్యి ఎట్లున్నది? మా ఇంటాయన మూడు దినాల సంది బువ్వ తింటలేడు" అంది. అలా బయటపడింది అసలు సంగతి.

ఆ మధ్యాహ్నం అమీర్ అలీ అన్నానికి వచ్చేసరికి అన్వరీ బేగం ఎదురుగా కూర్చుంది. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది దక్కనీలో. ఆ తిట్ల రుచి తెలుగులోకి పూర్తిగా రాదు, వచ్చినంత చెబుతాను.

"ఆటో డోర్ల పడ్డయంటివి?"

"పడ్డయి."

"శంకరమ్మ ఒచ్చిపోయింది."

అమీర్ అలీ నీళ్లు నమిలాడు. "నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

"ఇప్పుడు కాలేదనుకుంటున్నవా జీ? ఆ వేళ్లు పోతే ఏం జేద్దువు? ముప్పై మూడేండ్ల సంది పొద్దుగాల బయటికి పోతవు. ఏ బావి కాడ ఉంటవో, ఏ మోటర్ల చెయ్యి పెడతవో నాకు తెల్వదు. ఒస్తే ఒచ్చినవనుకుంట. గిట్ల అబద్ధాలు జెప్తే ఇగ ఏది నమ్మాలె నేను?"

 ఆమె ఆయన చెయ్యి లాక్కుని కట్టు మార్చింది. పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూర్చున్నప్పుడు ఆమెకు కనిపించింది ఆ చేతులే. అవి నచ్చే ఒప్పుకుంది. ఈ సంగతి ఆమె ఆయనకు కూడా చెప్పలేదు.

కట్టు కడుతుంటేనే ఆమెకు ఆ మూడో మాట గుర్తొచ్చింది. గండయ్య ఫోన్ తెప్పించి చక్రం నొక్కింది. "స్వయంచాలక పునఃప్రారంభం: సక్రియం." కరెంటు తిరిగి రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుందని దాని భావం. ఎర్ర గుర్తు నొక్కి ఆపినా సరే, లైను పోయి వస్తే అది మళ్లీ నడుస్తుంది. నేను ఒక్క చిట్టీ రాసి ఉంటే ఆ గోరు ఊడేది కాదు కదా అనుకుంది.

డబ్బా మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. "ఆటో రెజ్యూమ్ డిసేబుల్ చేసుకోండి మేడమ్" అన్నారు. మళ్లీ చేసింది. ఇంకో గొంతు అదే పాఠం చదివింది. ఆమె వదలలేదు. ఆరోసారి ఒక అమ్మాయి ఎత్తి, చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. ఆ అమ్మాయి పేరు శృతి. ఫోన్ తెర మీద కనిపించే మాటల్ని చూసుకోవడమే ఆమె ఉద్యోగం. తెలుగు మాటలు ఆమె చేరక ముందే ఎక్కడో రాయించి తెచ్చినవి. మార్చుదామని ఆమె అంటూనే ఉంది. అర్థం కావడం లేదని ఒక్క రైతూ ఫిర్యాదు చేయలేదు కదా అని ఆమె పై అధికారి ఆదిత్య అంటూనే ఉన్నాడు. రైతులంతా కంపెనీని వదిలేసి అలియాబాద్ షెడ్డులో అడుగుతున్నారని వాళ్లకేం తెలుసు?

"ఏ మాట మార్చాలో చెప్పండి ఆంటీ, రాసుకుంటాను" అంది శృతి.

"ఫోన్ల జెప్తే సమజ్ గాదు బిడ్డా. నువ్వు రా. మోటర్ జూడు."

శనివారం పొద్దున శృతి కౌకూర్ నుంచి స్కూటీ మీద వచ్చింది. బక్కపలచని పిల్ల. జవహర్‌నగర్ చెత్త డంపు పక్కన ఇంజినీరింగ్ చదివిందట, నాలుగేళ్లూ ముక్కుకు చున్నీ కట్టుకునే పాఠాలు విన్నానని చెప్పింది. అన్వరీ బేగం నవ్వి చాయ్ పోసింది. టీ తాగేలోపే ఆంటీ పోయి, పిన్నిని పిలిచినట్టు ఖాలా అయింది. తర్వాత ఇద్దరూ గండయ్య పొలానికి వెళ్లారు.

శృతి ఒక కాగితం మీద ఐదు రకాలుగా రాసుకొచ్చింది. "విద్యుత్ పునరుద్ధరణ తర్వాత మోటారు ప్రారంభం" దగ్గర మొదలై "ఆటో స్టార్ట్ ఆఫ్" దగ్గర ముగిసింది. ఒక్కొక్కటే చదివి, "అర్థమైందా అంకుల్?" అని అడిగింది. గండయ్య ఐదింటికీ తల ఊపాడు. "మస్తు సమజైంది బిడ్డా."

అన్వరీ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ ముఖం జూసి అన్నడు. ఎండల అంత దూరం ఒచ్చిన ఆడపిల్లకు సమజ్ గాలేదని ఎట్ల జెప్తడు? అట్ల గాదు, ఆగు." శృతిని కరెంటు స్తంభం దగ్గరికి పంపి మెయిన్ హ్యాండిల్ పట్టుకోమంది. తను మోటారు ముందు కూర్చుంది.

"గండన్నా, నేను గీ మోటర్ల చెయ్యి పెడుతున్న. ఏం జెయ్యాల్నో జెయ్."

గండయ్య ఎర్ర గుర్తు నొక్కాడు. మోటారు ఆగింది. ఫోన్‌ను జేబులో వేసుకున్నాడు. "పెట్టు భాభీ, ఏం భయం లేదు" అన్నాడు.

ఆమె లేచి నాలుగడుగులు వెనక్కి జరిగింది. శృతికి సైగ చేసింది. లైను పోయి వచ్చినట్టే హ్యాండిల్ కిందికి దిగింది, మళ్లీ పైకి లేచింది. పది లెక్కపెట్టేలోపు మోటారు గర్జించి తిరిగింది. గండయ్య చెయ్యి చటుక్కున జేబు మీదికి వెళ్లింది. ఫోన్ తీసి చూసుకున్నాడు. చూసుకుని, గట్టు మీద అలాగే కూలబడ్డాడు.

"నేను బంద్ జేసిన గదా భాభీ. జేబుల్నే ఉన్నది గదా. అన్న చెయ్యి నేనే..." అని మాట పూర్తి చేయలేకపోయాడు. ఇన్ని రోజులూ అతను కరెంటును తిట్టుకున్నాడు, అమీర్ అలీ జాతకాన్ని తిట్టుకున్నాడు. ఇప్పుడు తిట్టుకోవడానికి తనే మిగిలాడు.

"నువ్వొక్కనివే గాదు గండన్నా. నేను ఆ మాట సదివి కూడ ఇడిసిపెట్టిన" అంది అన్వరీ బేగం.

శృతి దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఈ ఫోన్ లేనప్పుడు ఎలా చేసేవాళ్లు అంకుల్?"

"ఏమున్నది, మోటర్ కాడ మనిషి కూసుంటే కరెంటు ఫీజులు పీకి జేబుల ఏసుకునేటోళ్లం. ఆ మనిషి లేసి ఇవతలికి ఒచ్చినంకనే మల్ల పెట్టేటోళ్లం. ఫీజు జేబుల ఉంటే ఇగ ఎవడేం జేసినా మోటర్ నడ్వదు."

"మరి ఇప్పుడు?"

గండయ్య జేబు తట్టి చూపించాడు. "ఇప్పుడు గీ ఫోన్ ఏసుకుంటున్నం." అన్నాక తన మాట తనకే వినిపించి తల దించుకున్నాడు.

ఈ తప్పు ఒక్క గండయ్యది కాదు. ఆ చుట్టుపక్కల ప్రతి పొలంలోనూ ఇదే జరుగుతోంది. ముప్పై నలభై ఏళ్లుగా జేబులో ఫీజు ఉంటే ప్రాణానికి ఢోకా లేదని నమ్మినవాళ్లు, ఫీజు స్థానంలో ఫోన్ రాగానే అదే నమ్మకాన్ని దాని మీద పెట్టేశారు. వాళ్లకు ఫోన్ అంత పని చేయదని చెప్పాల్సిన మాట, ఎవరూ నొక్కని చక్రం లోపల, ఎవరికీ రాని భాషలో పడి ఉంది.

"మాట మారిస్తే సరిపోదు ఖాలా" అంది శృతి. "కరెంటు వచ్చినా నడవకూడదు, ఇంకెవరి ఫోన్ నొక్కినా నడవకూడదు. అలాంటి బటన్ ఒకటి పైనే పెట్టాలి. మోటారు లాక్ అని పేరు పెడదామా?"

"మోటర్ సంగతి ఎందుకు రాస్తవు బిడ్డా? మోటర్ కాడ మనిషి ఉన్నడు. గంతే రాయి."

శృతి రాసుకోబోయి ఆగి, ఆమె ముఖం కేసి చూసింది. తర్వాత రాసుకుంది.

సోమవారం ఆదిత్య ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే, కానీ పుస్తకం ప్రకారం నడిచే మనిషి. "మేడమ్, బటన్ పేరు అంటే మిషను చేసే పని చెప్పాలి. మనిషి ఉన్నాడు అనేది సెట్టింగ్ పేరు కాదు" అన్నాడు.

"మిషన్ ఏం జేస్తదో మిషన్‌కు తెల్సు సార్. మనిషి ఏం జేస్తున్నడో దానికి తెల్వదు. గది దానికి జెప్పనీకే గదా ఫోన్?"

 ఆదిత్య, "సరే మేడమ్. కానీ మిగతా జిల్లాల వాళ్లకూ కావాలి కాబట్టి 'ఉన్నడు' కాకుండా 'ఉన్నాడు' అని రాస్తాం" అన్నాడు.

"ఎట్లన్న రాసుకోండ్రి సార్. మనిషిని మాత్రం తీసెయ్యకుండ్రి."

అప్పటి నుంచి రెండు నెలలు శృతి వారం వారం కొత్త మాటలు పంపింది. అన్వరీ బేగం వాటిని గండయ్య మీద, శంకరమ్మ మీద పరీక్షించింది. సమజైందా అని మాత్రం ఎవరినీ అడగలేదు. ఫోన్ చేతిలో పెట్టి పని చెప్పేది, నొక్కిన వేలిని చూసేది. శంకరమ్మకు చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే తను మోటారు నడపగలగాలని ఆమె పట్టుబట్టింది. ఆ పట్టు వల్లే మాటలన్నీ ప్రశ్నలుగా మారాయి. "కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడవాలా?" అని ఒకటి; దాని కింద "నడవాలి", "నేను చెప్పేదాకా వద్దు". "నీళ్లు అయిపోతే మోటారు ఆపాలా?" అని ఇంకొకటి. శుష్క పరిచాలన ఆ రోజుతో ఊరు విడిచి వెళ్లిపోయింది. అన్నిటికంటే పైన, పెద్ద పసుపు బటన్ మీద, "మోటారు దగ్గర మనిషి ఉన్నాడు". అది నొక్కితే, "మనిషి పక్కకు వచ్చాడు" అని ఎవరైనా నొక్కేదాకా మోటారు కదలదు.

కొత్త మాటలు ఫోన్లలోకి వచ్చిన వారానికి అలియాబాద్‌లో అందరూ ఆ పసుపు బటన్ నొక్కుతున్నారు. ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ ఆమె మొగుడే.

"నాకెందుకు అది?" అన్నాడు అమీర్ అలీ. గోరు అప్పుడే కొత్తగా మొలుస్తోంది. "నేను మోటర్ చప్పుడు ఇంటేనే దాని రోగం జెప్తా. పోరగాళ్లకు జెప్పు, నొక్కుకుంటరు. ఊళ్లో రైతులు జూస్తే ఏమనుకుంటరు, అమీర్ అలీకి భయం ఒచ్చిందనరా?"

"అననీ. భయం నాకున్నది. నా కోసం నొక్కు."

"నీకు ఉత్తగనే భయం."

అన్వరీ బేగంకు కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. ఎక్కడో కంపెనీలో కూర్చున్న ఆదిత్యను ఒప్పించగలిగింది, చదువు రాని శంకరమ్మకు నేర్పగలిగింది. ఎవరి వేళ్ల కోసం ఇదంతా చేసిందో ఆ మనిషి దగ్గర ఓడిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, బట్టలు తీసి ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. ఆయన రెండు రోజులూ పంక్చర్ దుకాణంలో కూర్చుని చాయ్ తాగాడు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు అన్నం సహించదు.

మూడో రోజు పొద్దున పది దాటాక ఆమె తీగ చుడుతుంటే ఫోన్ కూసింది. చేతులు తుడుచుకుని చూసింది. "గండయ్య మోటారు దగ్గర మనిషి ఉన్నాడు" అని ఉంది. మోటారు గండయ్యది, మెసేజ్ తనకెందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. మాటలు ఏమైనా తారుమారయ్యాయేమోనని భయపడి శృతికి ఫోన్ చేసింది.

"తప్పేం లేదు ఖాలా" అంది శృతి, కంప్యూటర్‌లో చూసి. "మొన్ననే కొత్తగా కలిపాం, బటన్ నొక్కగానే 'ఎవరికి చెప్పాలి?' అని అడుగుతుంది. పొలం వాళ్ల నంబరు వేస్తారని పెట్టాం. అక్కడ మీ నంబరు వేశారు."

"ఎవరేసిండ్రు?"

"మన అమీర్ అంకుల్ ఫోన్ నుంచే ఖాలా."

అన్వరీ బేగం ఫోన్‌ను వార్నిష్ డబ్బాకు ఆనించి ఎదురుగా నిలబెట్టుకుంది. మళ్లీ తీగ ముట్టలేదు. ఎవరో రైతు వచ్చి తన మోటారు ఎంతదాకా వచ్చిందని అడిగితే చేత్తోనే ఆగమంది. ఆయన చెయ్యి ఇప్పుడు లోపల ఉంది. ఇది ఆమెకు తెలుసు. ఇరవై రెండు నిమిషాలు ఆ తెరనే చూస్తూ కూర్చుంది. ఇరవై మూడో నిమిషంలో తెర వెలిగింది. "మనిషి పక్కకు వచ్చాడు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై మూడేళ్లుగా ఆ చెయ్యి ఎప్పుడు మోటారులో ఉందో, ఎప్పుడు బయట ఉందో తెలియకుండానే ఆమె పొద్దులు గడిపింది. ఇవాళ తెలిసి గడిపింది. నిజం చెప్పాలంటే, తెలియకపోవడం కంటే ఇదే ఎక్కువ కష్టంగా ఉంది. ఎదురుగా నిలబడ్డ రైతు ఏమైందని అడిగాడు. ఆమె అతనికి జవాబు చెప్పకుండా మొగుడికి ఫోన్ కలిపింది.

"ఏంది?" అన్నాడు అమీర్ అలీ, బెరుగ్గా, రెండు రోజుల తర్వాత ఆమె గొంతు వినబోతున్న సంతోషంతో.

"రేపు గూడ పంపు జీ" అంది.